వెండెల్ ముద్ర

ఆర్లెటా చొక్కా ఇస్త్రీ చేస్తోంది. అది తొడుక్కోవాల్సిన ఆమె భర్త వెండెల్ అద్దం ముందు నిలబడి ఉపన్యాసం వల్లె వేస్తున్నాడు.

"ఒకరు చేసిన వస్తువు మీద ఇంకొకరి పేరు వేసి అమ్ముకోవడం దొంగతనం. వాళ్ళని జైల్లో పెట్టే చట్టం కావాలి. ఎలా ఉందే?"

"బాగుంది," అంది. ఇస్త్రీపెట్టెని కాలరు మీద కాస్త గట్టిగానే నొక్కింది.

ఇవాళ దగ్గరి పట్నం గాలప్‌లో నగల వర్తకుల సంఘం సభ. వాషింగ్టన్ నుంచి కాంగ్రెస్ సభ్యురాలు వస్తోంది. విదేశాల్లో రంగు ప్లాస్టిక్ పోతపోసి, అవి తమ జూనీ ఆదివాసీ తెగ నగలని చెప్పి అమ్ముతున్నారనీ, ఉన్న చట్టానికి కోరలు లేవనీ ఆవిడకి మొరపెట్టుకోబోతున్నారు. నకిలీ కంకణాల మీద వెండెల్ పేరున్న ముద్రని అచ్చుగుద్దినట్టు దించేశారు కాబట్టి ముఖ్యవక్త అతనే.

అసలు కంకణంలో వెండి పట్టీ వెండెల్ చేసిందే, ఆర్లెటా కాదనదు. కానీ జనం ఎగబడి కొనేది మధ్యలో ఉన్న సూర్యుడి ముఖాన్ని చూసి. ఆకాశనీలపు రాయి, పగడం, ముత్యపుచిప్ప, నల్లరాయి అరగదీసి, వెంట్రుకవాసి సందు లేకుండా పొదిగేది ఆర్లెటా. వంటయ్యి, గిన్నెలు తోమి, పిల్లల్ని బడి బస్సెక్కించాక సానచక్రం ముందు కూర్చుంటే రాతిపొడికి దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. అంతా అయ్యాక వెండెల్ వచ్చి, కంకణం లోపలివైపు తన ముద్ర పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తాడు. అక్కడితో అది వెండెల్ కంకణం అయిపోతుంది.

పెళ్ళైన కొత్తలోనే తన పేరుకీ ఒక ముద్ర చేయించమని అడిగింది. "ఇద్దరి పేర్లకీ చోటెక్కడుందే?" అన్నాడు వెండెల్. "కొనేవాళ్ళు కంసాలి పేరే అడుగుతారమ్మా," అన్నాడు వాళ్ళ నగలు కొనే వర్తకుడు కర్టిస్. ఆడపడుచు మరీనూ! "మా అన్న పేరు వెలిగితే నీది వెలిగినట్టు కాదా వదినా?" జూనీ అల్లుళ్ళందరూ ఇల్లరికమే. ఇల్లు ఆర్లెటా తల్లిది, పెరట్లో రొట్టెల పొయ్యి ఆర్లెటాది. ఇంత చోటిచ్చిన మనిషికి పేరు దగ్గరికొచ్చేసరికి చోటు లేదట! నకిలీ కంకణాన్ని మొదటిసారి చూసినప్పుడు అందరికంటే ఆమెకే కడుపు మండింది. ఎత్తుకుపోయింది ఆమె సూర్యుణ్ణి. ఊరంతా పరామర్శించింది వెండెల్‌ని. దోపిడీకి గురయ్యానని చెప్పుకోవడానికైనా మనిషికి ముందొక పేరుండాలి కాబోలు.

సభలో వెండెల్ ఉపన్యాసానికి చప్పట్లు మోగిపోయాయి. సంఘం అధ్యక్షుడు కూడా అయిన కర్టిస్ బల్ల మీద రెండు కంకణాలు పెట్టి, "ఆర్లెటా, నువ్వు రా. ఇంట్లో రోజూ చూస్తూనే ఉంటావుగా! నకిలీ ఏదో మేడంగారికి చూపించు," అన్నాడు ఫోటోగ్రాఫర్‌కి సైగ చేస్తూ.

రోజూ చూస్తూ ఉంటుందట! గోళ్ళ సందుల్లో నీలం పొడి ఇంకా వదలని చేతులతో ఆర్లెటా బల్ల దగ్గరికి వెళ్ళింది. ఒక కంకణాన్ని పక్కకి తోసి, "ఇది ప్లాస్టిక్. బయటివాళ్ళు చేసిన నకిలీ," అంది.

"అయితే అసలుది ఇదన్నమాట," అంటూ కాంగ్రెస్ సభ్యురాలు రెండోది అందుకోబోయింది.

ఆర్లెటా దాన్ని తిరగేసి చూపించింది. ముద్ర పక్కన ఖాళీ వెండి తళతళలాడుతోంది. ఇంకో రెండు పేర్లు పట్టేంత చోటుంది.

"ఇదీ నకిలీయేనండీ. ఈ రాళ్ళు పొదిగింది నేను, పేరు మాత్రం మా ఆయనది. మీరు రాసే చట్టం దీనికి కూడా వర్తించేలా రాయండి."

వెండెల్ చరచరా వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "నోరు ముయ్యవే! ఇంటికి పద, చెప్తా."

ఆర్లెటా మోచెయ్యి విడిపించుకుంది.

"నా ఇంటికేగా వెండెల్, పద. నా పేరుతో ముద్ర వచ్చిన రోజున మళ్ళీ రాయి ముట్టుకుంటాను. అందాకా సూర్యుణ్ణి నువ్వే చేసుకో."