బుధవారం గ్లాసు

"జీడిపప్పు పకోడీ కాస్త ఎర్రగా వేయించు లేఖా, సిటీకి వెళ్లేలోపు మెత్తబడిపోకూడదు," అన్నాడు రఘువీర్, గడ్డం గీసుకుంటూ బాత్రూంలోంచే. శనివారం పొద్దున పదిన్నర. షికాగో శివార్లలో నేపర్‌విల్‌లోని ఆ ఇంట్లో కిటికీలన్నీ తీసి పెట్టినా నూనె వాసన పోవడం లేదు. శ్రీలేఖ రెండో వాయి వేస్తోంది.

రఘువీర్ స్నేహితుడు అనూప్‌కి గ్రీన్ కార్డ్ వచ్చింది. మామూలుగా ఇలాంటి సంబరాలు వీళ్లింటి బేస్‌మెంట్‌లోనే జరుగుతాయి. ఈసారి మాత్రం షికాగోలో ఏదో డచ్ బార్‌లో అట. "మన నీరజ్ కనిపెట్టాడు. చిన్నదే కానీ భలే ఉంటుందట. తినడానికి చీజ్ ముక్కలు తప్ప ఇంకేం దొరకవట, అందుకే పకోడీ. స్టేషన్‌కి నాలుగు వీధుల అవతల, ఆకుపచ్చ తలుపు."

చిల్లుల గరిటె మూకుడు మీదే ఆగిపోయింది. ఆ వాయి మాడింది.

ఆ ఆకుపచ్చ తలుపు శ్రీలేఖకి తెలుసు. రెండేళ్ల కిందట ఒక బుధవారం ఆఫీసు నుంచి వస్తూ వానలో రైలు తప్పిపోయి, తల దాచుకోవడానికి ఆ తలుపు తోసింది. లోపల పాతబడి నల్లబడిన చెక్క గోడలు, టేబుళ్ల మీద గుడ్డలకి బదులు చిన్న చిన్న తివాచీలు, చీకటి పడకముందే వెలుగుతున్న కొవ్వొత్తులు. ఆ బారు నడిపే డెబ్బై ఏళ్ల అన్నెకె ఒక పొట్టి గ్లాసులో బీరు పోసి, పైకి పొంగిన నురగని బద్దలాంటి కత్తితో ఒక్క గీటున కోసేసి, తెచ్చి ముందు పెట్టి వెళ్లిపోయింది. అంతే. ఇంకేమన్నా తెమ్మని గానీ, ఇంకెవరికన్నా పెట్టమని గానీ ఎవరూ అనలేదు. కిటికీ పక్క కుర్చీలో శ్రీలేఖ గంటసేపు కూర్చుంది. ఇంకొకళ్లు వడ్డిస్తే తాను కూర్చుని తాగడం ఎన్నాళ్లయిందో లెక్క కూడా తేలలేదు. అప్పట్నుంచీ ప్రతి బుధవారం ఒక్క గంట, ఒక్క గ్లాసు. ఇంట్లో మాత్రం 'మీటింగ్' అని చెప్పింది. ఆఫీసులో పదకొండుమంది ఆమె కింద పనిచేస్తారు. నలభై మూడేళ్ల మనిషి, ఒక గ్లాసు బీరు కోసం పరీక్ష ఎగ్గొట్టిన పిల్లలా అబద్ధమాడాలి. తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు మండేది.

పదిహేనేళ్లుగా శుక్రవారం రాత్రుళ్లు కింద బేస్‌మెంట్‌లో మగవాళ్లు, పైన వంటింట్లో ఆడవాళ్లు. పళ్లేలు కిందికి దిగుతాయి, ఖాళీ అయ్యి పైకెక్కుతాయి. "బయటెక్కడో తాగి పడకుండా ఇంట్లోనే తాగుతున్నాడు, నీ అదృష్టం బాగుందే అమ్మాయ్," అంది అత్తగారు వచ్చినప్పుడు, ఆ పకోడీలే తింటూ. ఇంకొకరింట్లో పార్టీ అయితే తిరిగొచ్చేటప్పుడు కారు తాళాలు శ్రీలేఖ చేతిలో. ఒకసారి ధైర్యం చేసి, "నేనూ కొంచెం రుచి చూస్తాను రఘూ," అంది అందరి ముందూ. "నువ్వూ తాగితే కారెవరు నడుపుతారు?" అన్నాడతను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, సిగ్గులేకుండా. తాగొద్దని కూడా అనలేదు మహానుభావుడు. వద్దంటే పోట్లాడొచ్చు. ఇది పోట్లాడటానికి కూడా వీల్లేని మాట.

ఈరోజూ అంతే. అనూప్ భార్యని, నీరజ్ భార్యని పిలవలేదు. "లేడీస్‌కి బోర్ కొడుతుంది," అన్నారు. కారు నడపాల్సిన శ్రీలేఖకి ఎందుకు బోర్ కొట్టదో ఎవరికీ తట్టలేదు.

"వదిన ఉండగా మనకేం భయం రా, ఫుల్లుగా కానిద్దాం," అన్నాడు అనూప్ వెనక సీట్లోంచి.

ఆకుపచ్చ తలుపు శ్రీలేఖే తోసింది. అన్నెకె చూసింది. శ్రీలేఖ ముఖం చూసి, వెంట ఉన్న ముగ్గురినీ చూసి, ఏమీ తెలియనట్టు మెనూలు తీసింది. ఈలోగా రఘువీర్ రేకు ట్రేని తివాచీ మీద పెట్టి మూత విప్పేశాడు. పకోడీ వాసన బారంతా కమ్మింది.

"క్షమించండి, బయటి తిండి లోపలికి తేకూడదు," అంది అన్నెకె మెల్లగా.

రఘువీర్ ముఖం ఎర్రబడింది. భార్య వైపు తిరిగాడు. "ముందే ఫోన్ చేసి కనుక్కోవద్దూ? ఇలాంటివి నీకు తట్టవా లేఖా? పో, కార్లో పెట్టేసిరా."

పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నిలబడి వేయించిన ట్రేని పట్టుకుని ఆమె మూడు వీధులు నడిచింది. గాలికి రేకు చప్పుడు చేస్తూనే ఉంది. కార్లో ట్రే పెట్టి తలుపు విసిరికొట్టింది. ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది.

తిరిగొచ్చేసరికి ముగ్గురూ మొదటి గ్లాసు ముగించారు. కిటికీ పక్క కుర్చీలో రఘువీర్ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. నాలుగో కుర్చీ నిండా వాళ్ల కోట్లు. శ్రీలేఖ నిలబడింది. కోట్లు తియ్యాలని ఎవరికీ తోచలేదు.

"మీకేం తెమ్మంటారు?" అని అడిగింది అన్నెకె, ఆమెనే చూస్తూ.

"ఆవిడ మా డ్రైవర్," అన్నాడు రఘువీర్ నవ్వుతూ, ఇంగ్లిష్‌లో. "ఒక కోక్ చాలు."

అన్నెకె కదల్లేదు. అతని మాట విననట్టే, శ్రీలేఖ వైపే చూస్తూ ఆగింది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే కోక్ వస్తుంది. బుధవారాలు ఎవరికీ తెలియకుండా అలాగే మిగిలిపోతాయి. దొంగతనంగా, ఎప్పటికీ.

"నాకు బుధవారం గ్లాసే ఇవ్వండి, అన్నెకె," అంది శ్రీలేఖ.

"సంతోషం," అని అన్నెకె కత్తి అందుకుంది.

నీరజ్ గ్లాసు దించాడు. రఘువీర్ తెలుగులోకి దిగాడు. "ఆవిడ నీకెలా తెలుసు?"

"రెండేళ్లుగా ప్రతి బుధవారం వస్తున్నాను. మీటింగ్ అని అబద్ధం చెప్పాను. ఈ ఒక్క గ్లాసు కోసం."

ఎందుకు అబద్ధమాడావని అడుగుతాడనుకుంది. రెండేళ్లుగానా అని ఆశ్చర్యపోతాడనుకుంది. కనీసం కోప్పడతాడనుకుంది. అతను స్నేహితుల వైపు చూశాడు, ఖాళీ గ్లాసుల వైపు చూశాడు.

"మరిప్పుడు కారెవరు నడుపుతారు?" అన్నాడు.

అప్పటి మాటే. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"కారు ఇక్కడే ఉంటుంది. తాళాలు నా బ్యాగులో ఉంటాయి, తాగినవాళ్లకి ఇవ్వను. రేపు నువ్వే వచ్చి తెచ్చుకో. నేను రైల్లో పోతాను, నాకు అలవాటే."

అన్నెకె గ్లాసు తెచ్చింది. నురగ గ్లాసు అంచుతో సమానంగా, చదునుగా ఉంది. శ్రీలేఖ దాన్ని చేతిలోకి తీసుకుంది కానీ తాగలేదు.

"లే రఘూ," అంది. "అది నా కుర్చీ."