పెద్దామె వంగిన బొమ్మ

పెద్దామె చిన్నామెకు వంగి మొక్కవచ్చా? ఈ అనుమానం రెడ్డెమ్మ మనసులో తొమ్మిదేళ్లుగా నలుగుతూనే ఉంది.

తొమ్మిదేళ్ల కిందట మదనపల్లెలోని క్రైస్తవ మిషన్ ఆస్పత్రిలో ఆమెకు కాన్పు కష్టమైంది. రక్తం కావలసి వస్తే తోడికోడలు యమున పుంగనూరు నుంచి పరుగున వచ్చి ఇచ్చింది. తల్లీ బిడ్డా దక్కారు. యమునకు చేతులెత్తి మొక్కాలని రెడ్డెమ్మ ప్రాణం కొట్టుకుంది. కానీ యమున తనకంటే ఆరేళ్లు చిన్నది. పెద్దవాళ్లు మొక్కితే చిన్నవాళ్ల ఆయుష్షు తరుగుతుందని పుట్టింట్లోనూ అత్తింట్లోనూ విన్న మాటే. ప్రాణం నిలిపిన పిల్లకు ఆయుష్షు తగ్గించడమా? ఆ దండం అలాగే బాకీ పడిపోయింది.

అనుమానం పుట్టించింది మాత్రం ఆ ఆస్పత్రి వరండాలోని పటం. ఇటలీ దేశంలో అయిదు వందల ఏళ్ల కిందట, గోడ పూత తడిగా ఉండగానే రంగులద్ది వేసిన బొమ్మకు నకలట. అందులో ఒక ముసలామె పడుచుపిల్ల ముందు నడుము వంచి ఉంది. అంత చెయ్యి తిరిగినవాడికి ఈ మాత్రం తెలియదా అనుకునేది రెడ్డెమ్మ.

ఈసారి యమున కళ్ల పరీక్ష కోసం ఇద్దరూ అదే ఆస్పత్రికి వచ్చారు. రెడ్డెమ్మ నర్సు వాణిని పిలిచి నేరుగా అడిగేసింది.

"సిస్టరమ్మా, ఆ ముసలామె యాల వంగుండాది? ఆ పిల్ల ఆయుష్షేం గావాల?"

వాణి నవ్వింది. "ఆ పిల్ల కడుపుతో ఉండాది గదమ్మా. లోపలుండేది దేవుడని పెద్దామెకు తెలిసిపోయింది. ఆమె మొక్కతాండేది ఆయనకు. ఆ పిల్ల సేతులు సూడండి."

రెడ్డెమ్మ కళ్లద్దాలు సర్దుకుని దగ్గరికి వెళ్లింది. ఇన్నేళ్లూ వంగిన నడుమునే చూసింది గానీ చేతుల మీద ఆమె కన్ను పడలేదు. పడుచుపిల్ల చేతులు ముసలామె మోచేతుల కింద ఉన్నాయి, లేవమని బతిమాలుతున్నట్టు. ముసలామె చూపు ఆ పిల్ల ముఖం మీదే నిలిచి ఉంది. అందులో బెరుకు లేదు, నామోషీ అంతకన్నా లేదు.

మనుషుల్లో దేవుడుంటాడని రోజూ దీపం పెట్టేటప్పుడు తనూ అనుకునేదే. మరి ఆ దేవుడు ఒక్క యమునలో లేకుండా పోతాడా?

"యమునా, ఇట్ల రా."

"ఏమక్కా, నా పేరు పిలిచినారా?"

"లేదు. కదలకుండా నిలబడు. నేను మొక్కేది నీకు గాదు, నీలో ఉండే స్వామికి. నీ ఆయుష్షుతో దీనికి పనిలేదు."

"అందరూ సూస్తాండారక్కా. అయినా ఆ స్వామికి పొద్దున్నించి కాఫీ గూడా లేదు."

"కాఫీ తరవాత. ఆ పొద్దు నువ్వు రక్తమిచ్చినందుకు ఇది."

రెడ్డెమ్మ రెండు చేతులూ జోడించి, నిదానంగా నడుము వంచి మొక్కింది.