సెలవురోజు శలభాసనం

అమావాస్యకూ పున్నమికీ యోగశాలకు సెలవు. జలజాక్షికి మాత్రం ఆ రోజే జంపఖానాలు ఉతికే పని. దేశదేశాలవాళ్ల చెమట తాగిన ఆ జంపఖానాలు తడిస్తే గేదెదూడల్లా బరువెక్కుతాయి. పెరటి బండ మీద వాటిని తొక్కి, ఎత్తి దండెం మీద వేయబోతూ, ఎడమ చెయ్యి పైకి లేచినప్పుడల్లా ఆగిపోతోంది. నొప్పేం లేదు. నొప్పి లేకపోవడమే ఆమెను ఎక్కువ భయపెడుతోంది.

భర్త శ్రీకంఠ మైసూరులో పేరున్న యోగా గురువు. ఊపిరి ఎలా తీయాలో నేర్చుకోవడానికి జనం విమానాలెక్కి వస్తారు ఆయన దగ్గరికి. వాళ్లకు పొద్దున ఉప్పిట్టు, కాఫీ, మధ్యాహ్నం అన్నం, పప్పుపులుసు వండిపెట్టేది జలజాక్షి. పెళ్లయిన కొత్తలో తనకూ నేర్పమని అడిగింది. "పొద్దున లేచింది మొదలు వంగుతావు, లేస్తావు. అంతకన్నా యోగం ఏముందే నీకు?" అని నవ్వాడు. అత్త రుక్కమ్మ వాకిట్లోంచే, "వంగి లేవడమే యోగమైతే నేనీపాటికి హిమాలయాల్లో ఉండాల్సినదాన్నిరా" అంది. జలజాక్షి కూడా నవ్వింది. నవ్వకపోతే మూతి ముడిచిందంటారు.

అయినా చెవులకు ఎవరు గడియ పెట్టగలరు? వంటింటి గోడ అవతలే హాలు. తిరగమోత వేస్తూ ఆయన చెప్పేది విని విని, ఎక్కడ పీల్చాలో ఎక్కడ వదలాలో ఆమె ఒంటికి పట్టేసింది. రెండేళ్లుగా, సెలవురోజున తల్లీకొడుకులు నంజనగూడు గుడికి వెళ్లగానే, హాలు తలుపులు మూసుకుని ఒక్కతే చేస్తోంది. మొదట నడుమునొప్పి పోయింది. తర్వాత నిద్ర పట్టసాగింది. ఆయన స్కూటరు చప్పుడుకు దడదడలాడే గుండె, ఒక్క నిండు ఊపిరి తీస్తే మాట వినడం నేర్చుకుంది. అన్నిటికన్నా వింత, మెడ నుంచి కాలిగోరు దాకా ఇదంతా తనదేనని తెలియడం. అప్పటిదాకా ఒళ్లంటే, రోలూ చేటలాగా ఆ ఇంటి సామానే.

పోయిన పున్నమినాడు శలభాసనానికి బోర్లా పడుకుని ఛాతీ లేపబోతుంటే, ఎడమ రొమ్ములో, నేలకూ ఎముకకూ మధ్య, నానిన శనగగింజంత ఏదో తగిలింది. లేచి కూర్చుని వేలితో వెతికింది. ఉంది. చెయ్యి తీసేసి, కాసేపాగి మళ్లీ వెతికింది. అక్కడే ఉంది.

అప్పటి నుంచి రెండు భయాలు. ఒకటి ఆ గింజ. రెండోది, అదెక్కడ తెలిసిందో చెప్పాల్సి రావడం. అమావాస్య పున్నమిల్లో ఆసనం వేస్తే ఒంటికి కీడని శ్రీకంఠ కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే చెప్తాడు. అవన్నీ ఉత్త మాటలనుకునేది ఇన్నాళ్లూ. ఇప్పుడు అన్నం వారుస్తున్నా, జడ వేసుకుంటున్నా, దానివల్లే వచ్చిందేమో, నా చేజేతులా తెచ్చుకున్నానేమో అని లోపల వణుకు. ఎవరూ చూడకుండా వేలు జాకెట్టు వైపు వెళ్లిపోయేది. పెరిగిందా? నిన్న ఇంత గట్టిగా ఉందా? తెలుసుకోవాలనీ ఉండేది, తెలియకూడదనీ ఉండేది.

చేతులు కొంగుతో తుడుచుకుని, గుడికి బయల్దేరేముందు పేపరు చదువుతున్న భర్త ముందుకొచ్చి నిలబడింది.

"ఏమండీ, రొమ్ములో గడ్డలా తగులుతోంది. ఆసుపత్రిలో చూపించుకుంటాను."

పేపరు దిగలేదు. "ఎప్పట్నుంచి?"

"పదిహేను రోజులుంటుంది. స్నానం చేస్తుంటే తెలిసింది."

"కొవ్వుగడ్డ అయ్యుంటుందిలే. రేపట్నుంచి ప్రాణాయామం నేర్పిస్తాను, కరిగిపోతుంది."

ఇన్నేళ్లకు నేర్పిస్తానన్నాడు.

"ముందు డాక్టరు చూడనివ్వండి."

అప్పుడు దిగింది పేపరు. ఆయన గొంతు తగ్గించాడు. "యోగాతో రోగమన్నది రాదని నేనిక్కడ చెప్తుంటే, నా పెళ్లాం పోయి ఆసుపత్రి లైన్లో నిలబడితే ఎట్లా ఉంటుందో ఆలోచించావా? ఈ బ్యాచ్ వెళ్లిపోనీ, చూద్దాం."

ఆయన కళ్లలోనూ భయమే ఉంది. అది ఆమె గురించి కాదు.

"అమావాస్య కూడానూ" అంది రుక్కమ్మ, జపమాల ఆపకుండానే. "ఆసుపత్రి గడప తొక్కే రోజా ఇది?"

"నాకు ఖాళీ దొరికేది ఇవాళే కదా అత్తయ్యా."

మాట బయటికి వచ్చేసింది. ఊపిరి పీల్చింది. నెమ్మదిగా వదిలింది. భయం ఎక్కడికీ పోలేదు. భయంతోనే నిలబడొచ్చని మాత్రం తెలిసింది.

"స్నానం చేస్తుంటే కాదండీ. పున్నమినాడు మీ హాల్లో శలభాసనం వేస్తుంటే తగిలింది. రెండేళ్లుగా సెలవురోజుల్లో చేస్తున్నాను."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "పున్నమినాడా? ఇంక రాకేం చేస్తుంది?"

సరిగ్గా ఈ మాటకే ఇన్నాళ్లూ వణికింది. తీరా విన్నాక, దీనికా అనిపించింది.

"ఆ రోజు రాలేదండీ. ఆ రోజు తెలిసింది."

తడిచీర మార్చుకుని చెప్పులేసుకుంది. వెనకాల ఆయన ఏదో అంటూనే ఉన్నాడు. అందులో రేపటి టిఫిన్ సంగతి కూడా ఉంది. గేటు తీయబోతుంటే మెట్ల మీద అడుగుల చప్పుడు. రుక్కమ్మ. ఆపడానికే వస్తోందనుకుని జలజాక్షి గబగబా గడియ తీసింది.

ముసలావిడ గేటు ఊచ పట్టుకుని ఆయాసం తీర్చుకుంది. ఇంటివైపొకసారి చూసి, కొడుక్కి వినపడనంత చిన్నగా అడిగింది.

"అమ్మాయ్, గర్భసంచి కిందికి జారినవాళ్లను కూడా చూస్తారా అక్కడ? నాకు వాడు పుట్టినప్పట్నుంచీ ఉంది."