రెండు జతల టైర్లు

జోసెఫ్ సంచిలో రెండు జతల రబ్బరు టైర్లున్నాయి. ఒక జత సరిగ్గా సరిపోయేది. రెండో జత వేలెడు పొడుగెక్కువ. రెండూ వరంగల్‌లో ఒకే దుకాణంలో కొన్నాడు. "ఒక్క మిషనుకు రెండు సైజులెందుకన్నా?" అని దుకాణమాయన అడిగితే, "ఏది పడుతదో చూసి ఏస్త" అన్నాడు. అది అబద్ధం. ఏది వేయాలో మూడు వారాల కిందటే నిశ్చయమైపోయింది. నిశ్చయించింది అతని తల్లి పుష్పమ్మ.

పుష్పమ్మ కురవి దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. చిన్నకొడుకు అజయ్‌ని మట్టిలో పెట్టి వచ్చిన నాటి నుంచి ఆమె కడుపునిండా తినలేదు. సమాధి మీద బండ వేయిద్దామని సంఘపెద్దలు వస్తే వద్దంది.

"ఆ యుగేందర్‌గాని చెయ్యి గూడ గట్లనే తెగాలె. తెగినంకనే నా బిడ్డకు బండ."

పాస్టరు క్షమించడం గురించి ఏదో చెప్పబోయాడు. "ముందు నీ కొడుకును మట్టిల పెట్టిరా అయ్యగారూ. అప్పుడు చెప్పు, నీ మాట ఇంట" అంది. ఆయన తలవంచుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తడానికి ఎవరూ రాలేదు.

యుగేందర్‌ది జనగామలో చిన్న వడ్రంగి కొట్టు. ఇళ్లలో పెట్టుకునే దేవుని మందిరాలు చేసి అమ్ముతాడు. అజయ్ అక్కడ ఆరేళ్లు పనిచేశాడు. మందిరాల తోరణాలకు తీగలు, వంపులు కోయడం అతని పని. బల్ల మీద కూర్చోబెట్టిన పాత బ్యాండ్‌సా మిషను మీద కోసేవాడు. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, రెండింటినీ చుట్టి తిరిగే పల్చటి రంపపు పట్టీ. చక్రాల అంచుకు రబ్బరు టైర్లుంటాయి. పట్టీని పట్టి ఉంచేది ఆ రబ్బరే. అది చెడితే పట్టీ జారుతుంది. ఆ రోజు జారింది. జారి, తెగి, బయటికి కొరడాలా వచ్చి అజయ్ మణికట్టును కోసింది. దవాఖాన చేరేలోపే అయిపోయింది.

అంతకు వారం ముందు అజయ్ ఫోన్ చేసి, "టైర్లు మెత్తబడ్డయన్నా. యుగేందరన్నకు చెప్తే దసరా పోనీ, మారుద్దాం అంటుండు" అన్నాడు. నలభై రెండు రోజులుగా జోసెఫ్ చెవిలో ఆ ఒక్క మాటే తిరుగుతోంది. దసరా పోనీ. దసరా పోయింది. తమ్ముడూ పోయాడు.

జోసెఫ్ భూపాలపల్లిలో బొగ్గు గని వర్క్‌షాపులో ఫిట్టరు. బొగ్గు మోసే బెల్టులకు మరమ్మతు చేస్తాడు. ఇరవై ఏళ్లుగా రబ్బరుతోనే అతని బతుకు. పొడుగెక్కువై వదులుగా కూర్చున్న టైరు ఏం చేస్తుందో అతనికి తెలుసు. గంటసేపు బుద్ధిగా తిరుగుతుంది. వేడెక్కాక జరగడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత పట్టీని విసిరేస్తుంది. వేసినవాడి మీద అనుమానం రాదు, పాత మిషను మీదికే పోతుంది.

అజయ్ పోయాక ఆ మిషను ముందు కూర్చోవడానికి ఒక్క పనివాడూ ఒప్పుకోలేదని, ఇక యుగేందరే కూర్చోబోతున్నాడని తెలిసింది. జోసెఫ్ ఫోన్ చేశాడు.

"టైర్లు నేనొచ్చి మారుస్త."

"నువ్వే వస్తా అంటున్నవంటే అన్నా..." అన్నాడు యుగేందర్. జోసెఫ్ తనను క్షమించాడని అతను అనుకున్నాడు. అనుకోనిచ్చాడు జోసెఫ్.

చెప్పిన రోజు పొద్దున జనగామలో రైలు దిగి నేరుగా కొట్టుకు నడిచాడు. మిషను మీద పాత దుప్పటి కప్పి ఉంది. పక్కన సగం చేసిన మందిరాలు నాలుగు తోరణాలు లేకుండా నిలబడి ఉన్నాయి.

"కూసో అన్నా. చాయ్ చెప్త."

"చాయ్ వద్దు. నీళ్లు బాగ కాగబెట్టి తే. టైర్లు నానాలె."

యుగేందర్ వెనక ఇంట్లోంచి గిన్నెడు వేడినీళ్లు తెచ్చి పెట్టాడు. మనిషి చిక్కిపోయాడు. ఏదో ఒకటి మాట్లాడకపోతే ఊపిరాడనట్టు మాట్లాడాడు.

"అజయ్ ఉంటె కొట్ల ఒకటే నవ్వులన్నా. తోరణం కోస్తనే, 'మా ఏసయ్యకు గోడకు క్యాలెండరుంటే సాలు, మీ ఎంకన్నకే ఇంత ఖర్సు' అనేటోడు. నేను, 'అరేయ్, ఆ ఖర్సుతోనే నీకు జీతం' అంటుంటి."

తానే కొంచెం నవ్వి, జోసెఫ్ ముఖం చూసి ఆపేశాడు.

జోసెఫ్ మిషను పక్క తలుపు తీశాడు. తెగినదాని స్థానంలో వేసిన కొత్త పట్టీని వదులుచేసి పక్కన పెట్టాడు. పై చక్రం టైరు కింద స్క్రూడ్రైవరు దోపాడు. పాత టైరు మొండికేస్తుంది, ముక్కలుముక్కలుగా ఊడుతుంది. ఇది మాత్రం మగ్గిన అరటిపండు తొక్కలా వచ్చేసింది. వేళ్లకు నల్లగా, తారులా అంటుకుంది.

అతని చెయ్యి ఆగింది. అరిగిన రబ్బరు ఎండిపోతుంది, పగుళ్లిస్తుంది. ఇది ఎండలేదు. ఉబ్బింది.

"ఎన్నేండ్ల టైర్లివి?"

"ఏండ్లెక్కడియన్నా. శివరాత్రి పోయినంక కొత్తయి ఏసినం. అజయే ఏసిండు."

"అబద్ధమాడకు."

జోసెఫ్ టైరును తిరగేసి, చక్రానికి ఆనుకుని ఉండే లోపలి వైపును గుడ్డతో తుడిచాడు. అక్కడ రబ్బరు చెడలేదు. అచ్చుపోసిన అంకెలు స్పష్టంగా ఉన్నాయి. ఈ ఏడాదివే. మనిషి అబద్ధం చెప్పలేదు. కొత్త టైరు ఏడు నెలల్లో ఇట్లా ఎట్లా అయింది?

ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నూనె వాసన. దాని వెనకనే సన్నగా గంధం.

ఆ వాసన అతనికి తెలుసు. చర్చిలో ప్రార్థన చేసి, వేలంత గాజుసీసాల్లో పోసి ఇచ్చే నూనె అది. అవ్వ పుష్పమ్మ అలమరలో ఎప్పుడూ రెండు మూడు సీసాలుంటాయి. జ్వరమొస్తే నుదుటికి రాస్తుంది. మేక ఈనబోతే దాని కడుపుకు రాస్తుంది. జోసెఫ్ మొదటిసారి బండి కొన్నప్పుడు హ్యాండిలుకు రాసి, అతను చెయ్యి జారి పడబోతే తనే నవ్వుకుంది.

"గా నూనె వాసనా అన్నా?" యుగేందర్ సొరుగు లాగి ఒక సీసా తీశాడు. అడుగున ఇంకా కొంచెం నూనె ఉంది. "ప్రతి సోమవారం మిషను తిప్పే ముందు గుడ్డతోటి రెండు చక్రాలకు రాసేటోడు. మా అవ్వ రాయమన్నది, దెబ్బ తగలదంట అనేటోడు. మేము ఆయుధపూజకు బొట్లు పెడుతం, వాడు గిది. ఎవని నమ్మకం వానిది, నేనేమంట? ఇగ నేను కూసుంట గద. వాని లెక్కనే సోమవారం సోమవారం రాద్దామనుకుంటున్న."

జోసెఫ్ స్టూలు మీద కూర్చుండిపోయాడు. గనిలో చేరిన మొదటి రోజున బెల్టు మీద చుక్క నూనె పడనిచ్చినందుకు పెద్ద ఫిట్టరు అతని వీపు మీద ఒక్కటిచ్చాడు. కట్టెకు చెద ఎంతో రబ్బరుకు నూనె అంత అన్నాడు. చెక్క తప్ప రబ్బరు ఎరగని అజయ్‌కి ఆ మాట చెప్పినవారెవరు? ఫోనులో "మెత్తబడ్డయి" అని తమ్ముడు అన్నప్పుడైనా, ఎందుకు మెత్తబడ్డాయని తాను అడగలేదు.

అప్పుడు అతనికి ఇంకొక సంగతి తోచింది. ఇక పెద్ద జత అక్కరలేదు. సరైన జతే బిగించి, నోరు మూసుకుని రైలెక్కితే చాలు. ఈ మనిషి తన చేత్తోనే ప్రతి సోమవారం నూనె రాసుకుంటాడు. వచ్చే వానాకాలానికి టైర్లు మగ్గుతాయి. అవ్వ కోరింది అవ్వ నూనెతోనే తీరుతుంది. తన చేతికి మరక కూడా అంటదు.

అతను ఆ ఆలోచనను తోసెయ్యలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నీళ్లు సల్లారుతున్నయన్నా" అన్నాడు యుగేందర్.

జోసెఫ్ సంచిలో చెయ్యి పెట్టాడు. రెండు జతలూ వేళ్లకు తగిలాయి. చిన్న జతను తీసి నీళ్లలో వేశాడు. జాలి పడి వేయలేదు. పగ తీర్చుకోవడానికి అవతల ఒక తప్పు నిలబడి ఉండాలి. ఆ తప్పు మీద చెయ్యి వేయబోతే తల్లి చేతి వాసన వచ్చింది.

చక్రం అంచును పెట్రోలు గుడ్డతో రెండుసార్లు తుడిచి, ఆరనిచ్చాడు. నానిన టైరును ఒకచోట బిగించిపట్టి, రెండు చేతులా సాగదీసి చక్రానికి ఎక్కించాడు. సరైన టైరు అంత సులువుగా ఎక్కదు. బొటనవేళ్లు తెల్లబడ్డాయి. టైరు కింద నున్నటి చువ్వ దూర్చి చుట్టూ తిప్పి, సాగుదల అంతటా ఒక్కతీరుగా సర్దాడు. రెండో చక్రానికీ అట్లాగే చేశాడు. పట్టీ వేసి, చేత్తో పదిసార్లు తిప్పి, అప్పుడు కరెంటు ఇచ్చాడు. పట్టీ చక్రం నడిమధ్యన గీత గీసినట్టు నిలబడింది.

"ఆ సీసా నాకియ్యి."

"వాని గుర్తుగ ఉంచుకుందామనుకున్నన్నా."

"ఇయ్యి. ఈ టైర్లకు ఏ నూనె తగలనియ్యకు. పొడిగుడ్డతోనే తుడువు."

యుగేందర్ సీసా చేతికిచ్చి, ఆ చెయ్యి అట్లాగే ఉంచాడు. నేల మీద పరిచిన పేపరుపై ఉన్న పాత టైర్లను చూశాడు. మళ్లీ సీసాను చూశాడు. అతనూ పనివాడే. అతనికి అర్థం కావడం జోసెఫ్ కళ్లముందే జరిగింది. గోడకు చేరగిలబడ్డాడు.

"అవ్వకు చెప్పకన్నా" అన్నాడు చివరికి. "నన్నే తిట్టనియ్యి. వాడు చెప్పంగనే నేను మార్చలె గద. కొత్తయే గద, ఏమైతది అనుకున్న. గదైతే నా తప్పే."

అప్పటిదాకా జోసెఫ్ అతన్ని ఒక కారణం ఉండి ద్వేషించాడు. ఇప్పుడు ఆ మాటకు ద్వేషించాడు. తప్పు మీ తమ్ముడిదే అని వాదించి ఉంటే, ఒక్క మాట తూలి ఉంటే, బల్ల మీది సుత్తి దగ్గరలోనే ఉంది. ఈ మనిషి ఆ వీలు కూడా మిగల్చలేదు. నీ తప్పు కాదు అనే ఒక్క మాట జోసెఫ్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే యుగేందర్ ఆ రాత్రి నిద్రపోతాడు. అందుకే అనలేదు. సీసాను చొక్కా జేబులో, పేపరులో చుట్టిన పాత టైర్లను సంచిలో వేసుకుని, చాయ్ తాగకుండానే బయటికి నడిచాడు. దారిలో స్టేషన్ ఘన్‌పూర్ దాటాక పాత టైర్లను రైలు కిటికీలోంచి విసిరేశాడు.

మానుకోటలో దిగి, బస్సెక్కి పల్లెకు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. పుష్పమ్మ గడప మీదే కూర్చుని ఉంది.

"ఏసినవా?"

"ఏసిన."

"పెద్దయా?"

"పెద్దయే, అవ్వా."

"ఎన్ని దినాలల్ల?"

"ఇన్ని అని చెప్పరాదు."

ఆమె తలూపింది. లేచి కాళ్లూ చేతులూ కడుక్కుంది. పళ్లెంలో అన్నం పెట్టుకుని, పచ్చిపులుసు పోసుకుని కూర్చుంది. తింది. మళ్లీ వడ్డించుకుంది. మెతుకు మిగలకుండా పళ్లెం తుడిచి తింది. నలభై రెండు రోజుల తర్వాత తల్లి కడుపునిండా తినడం జోసెఫ్ వాకిట్లో నిలబడి చూశాడు. వాడుకోని పెద్ద జత సంచి అడుగునే ఉంది.

చెయ్యి కడుక్కుని ఆమె లోపలికి పోయింది. అలమర తెరిచిన చప్పుడైంది. వస్తూ వేలంత సీసా ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నీ మిషను చక్రాలకు రాసుకో బిడ్డా. సోమవారం మర్సిపోకు. ఆ వారం అజయ్ మర్సిపోయి ఉంటడు. రాసి ఉంటె గట్లెందుకైతుండె?"

"రాసుకుంట."

సీసాను చొక్కా జేబులో వేసుకున్నాడు. లోపల ఉన్న ఇంకో సీసాకు తగిలి అది చిన్నగా మోగింది.

"ఏందది?" అంది పుష్పమ్మ.

"తాళంచెవులవ్వా" అన్నాడు జోసెఫ్.