రాకేరా చేమగుంట

సముద్రం గట్టు దాటి వచ్చి పోయిన మర్నాటి నుంచి ఉరియామ్ రోజూ పొద్దున్నే చేమగుంటలోకి దిగేవాడు. నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకునేవాడు. ఉప్పు.

గుంట అతని భార్య రాకేరాది. అబయాంగ్ దీవిలో ఇసుక తవ్వితే అడుగున మంచినీళ్ళు తగులుతాయి. వానగా కురిసి, ఇంకి, కిందున్న ఉప్పునీటి మీద పలచగా తేలే నీళ్ళు. పెద్ద చేమ వాటిలోనే పెరుగుతుంది. మనవరాలు టెబోరా పుట్టిన ఏడాది రాకేరా అక్కడ ఒక మొక్క నాటింది, ఆ పిల్ల పెళ్ళి విందులో వడ్డించడానికి. రాకేరా పోయింది. మొక్క మనిషి ఎత్తు దాటింది. ఇప్పుడు దాని ఆకుల అంచులు కాలిన కాగితంలా ముడుచుకుంటున్నాయి.

"పీకెయ్యి బావా," అన్నాడు గట్టు మీద నిలబడ్డ నబూటి, రాకేరా తమ్ముడు. "ఉన్నంత దుంప వండుకు తిందాం. కుళ్ళిందంటే పందులు కూడా మూతి పెట్టవు."

"వాన పడితే ఉప్పు కిందికి దిగిపోతుందిరా."

"వానకి కబురు పెట్టావా? బళ్ళో గీసినట్టు ఇక్కడ కూడా బాణాలు గీస్తావా?"

ఉరియామ్ నవ్వేశాడు. సైన్సు మేష్టారుగా ఉన్నన్నాళ్ళూ నల్లబల్ల మీద అదే బొమ్మ గీశాడు. సముద్రం నుంచి మబ్బుకి ఒక బాణం, మబ్బు నుంచి నేలకి ఒకటి, నేల నుంచి ఆకుకి ఇంకొకటి. బొమ్మలో అన్నీ ఎంచక్కా తిరిగేవి.

వాన ఆలస్యంగా వచ్చినా ధారాళంగానే వచ్చింది. గుంటలో నీళ్ళు నెమ్మదిగా మళ్ళీ తియ్యనయ్యాయి. ఆ తడిలో నిలబడి అతను ఆకాశానికి దణ్ణం పెట్టుకున్నాడు. కానీ మొక్క కొత్త ఆకు వెయ్యలేదు.

ఉత్త ఇసుకలో సత్తువ ఉండదు. మొక్క చుట్టూ మొగలాకుతో అల్లిన అడుగు లేని బుట్ట కట్టి, అందులో ఆకులూ మట్టీ వేసి కుళ్ళబెట్టి, మొక్కకి తిండి పెట్టాలి. ఏ ఆకు, దేని తరవాత ఏది, అన్నది ఒక్కో వంశానికి ఒక్కో రహస్యం. రాకేరా పుట్టింటివాళ్ళ రహస్యం ఆ రక్తం దాటి బయటికి పోదు. తెల్లవారుజామున ఆ ఆకుల మూట అతనే మోసుకొచ్చేవాడు, విప్పి చూడకుండా. గట్టు చేరాక ఆమె "ఇంక అటు తిరుగు" అనేది. అతను కొబ్బరి దుంగ మీద సముద్రం వైపు తిరిగి కూర్చునేవాడు. వెనక ఆకులు చింపే చప్పుడు, ఆమె కూనిరాగం. కాపురమంతా అలాగే గడిచింది. అవే తన మంచి పొద్దులని ఇప్పుడు తెలుస్తోంది.

"మీ అక్క ఏం వేసేదో చెప్పవూ?" అని నబూటిని అడిగాడు.

"నీతో అన్నేళ్ళు కాపురం చేసిన మనిషే చెప్పలేదు. నేను చెబితే ఊరుకుంటుందా? కలలోకొచ్చి చెవి మెలేస్తుంది."

ఉరియామ్ తనకి తోచింది తాను చేశాడు. పనసాకు వేశాడు, చేపల తలలు పాతాడు. మొక్కకి నత్రజని కావాలి, భాస్వరం కావాలి. ఆ సంగతి అతనికి తెలుసు. తెల్లారేసరికి పీతలు బుట్టని తవ్వి పారేశాయి.

"పీతలకి విందు పెట్టావా బావా? నన్ను పిలవనే లేదు!" అని నబూటి పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగాక చాలాసేపు ఆ మొక్కనే చూశాడు. చిరిగిన బుట్టని మళ్ళీ అల్లుతున్న బావ చేతుల్నీ చూశాడు. తరవాత వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి ఒక తెల్లవారుజామున ఉరియామ్ గట్టు దగ్గరికి వచ్చేసరికి గుంటలోంచి ఆకులు చింపే చప్పుడు వినబడింది. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వాసన కూడా వచ్చింది: మగ్గిన ఆకు, నల్ల సముద్రపు పిట్టలు గూళ్ళు కట్టే చెట్టు కింది మట్టి. సముద్రంలో పట్టి తిన్న చేపని ఆ పిట్టలు రెట్టగా వేసి చెట్టు కింద మట్టి చేస్తాయి.

"అలా కాదే, తొక్కకు. మెత్తగా పరచాలి, పక్క వేసినట్టు." నబూటి గొంతు.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పు, చిన్నతాతా." అది టెబోరా గొంతు.

ఉరియామ్ కాలి కింద ఎండు కొబ్బరాకు చిటుక్కుమంది.

"ఎవరది?"

"నేనేరా. ఏం చూడలేదు."

"ఈ పిల్లే వచ్చి ప్రాణం తీసింది బావా. మా రక్తమే కదా, కాదనలేకపోయాను. కల్లు తెచ్చావా?"

"తెస్తాను. రోజూ తెస్తాను."

"రోజూ అంటే మా ఆవిడ నన్ను తంతుంది!"

టెబోరా తల గట్టు మీదికి వచ్చింది. జుట్టు నిండా ఆకుల తునకలు.

"తాతా," అంది, "ఇంక అటు తిరుగు."

అతను తిరిగాడు. దుంగ మీద కూర్చున్నాడు. సముద్రం మీద చిన్న మబ్బు ఒకటి లేస్తోంది. కళ్ళు చెమర్చాయి. పెదవి మీదికి జారిన ఉప్పుని నాలుకతో తుడుచుకుని, వెనక చప్పుడు వింటూ కూర్చున్నాడు.

ఆ నెల దాటకుండానే మొక్క నడుమ నుంచి చుట్టచుట్టుకున్న లేత ఆకు ఒకటి పైకి వచ్చింది.