అప్పజెప్పని దీపం

పొద్దున షటరెత్తగానే యమున చేసే మొదటి పని కంప్రెసర్ కింద మర తిప్పి నీళ్లు వదలడం. గాలిని బిగించి దాచుకునే ఆ డబ్బా కడుపులోకి ఎక్కడినుంచి వస్తాయో గానీ, తెల్లారేసరికి అరగ్లాసు నీళ్లు చేరతాయి. వానాకాలమైతే చెప్పనే అక్కర్లేదు. వాటిని వదలకుండా పనిలో దిగితే ఎయిర్‌బ్రష్ రంగుతోపాటు నీటిచుక్కల్ని కూడా ఉమ్ముతుంది. వారం రోజులు కూర్చుని వేసిన మొహం మీద అమ్మవారు పోసినట్టు మచ్చలు లేస్తాయి. యమునకు ఒకసారి అట్లా అయింది. రెండోసారి కానిచ్చే మనిషి కాదు.

రెండో పని కిటికీకి తడిగుడ్డ కట్టడం. గోదావరిఖనిలో గాలి ఉత్తచేతులతో రాదు, ఎంతో కొంత బొగ్గు వెంటేసుకుని వస్తుంది. ఎయిర్‌బ్రష్ మూతి చూస్తే ఆవగింజలో సగం. అందులో ఒక్క నలుసు పడితే ఆ పూట పని గంగలో కలిసినట్టే.

ఆ తర్వాత రంగు. చిక్కటి రంగు గొంతులో అడ్డం పడుతుంది, మరీ పలచనిది కాగితం మీద కాళ్లు చాపుకుని పారుతుంది. గిన్నె అంచు నుంచి జారినప్పుడు పాలు జారినట్టు సన్నటి పొర మిగలాలి. కలం లాంటి ఆ బ్రష్ మీద బొటనవేలంత గిన్నె ఉంటుంది, అందులో నాలుగు చుక్కలు పోస్తే చాలు. పైనున్న మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. ఎంత లాగితే అంత. ముందు పాత పేపరు మీద ఒక చుక్క, ఒక గీత వేసి చూసుకుంటుంది. తుంపర ఒక పక్కకు గుంజితే లోపలి సూది మొన వంగినట్టు లెక్క.

షాపు ముందర, ఇల్లు వెనుక. షాపులో బండ్ల ట్యాంకుల మీద గద్దలూ, హెల్మెట్ల మీద మంటలూ వేస్తుంది. కానీ యమునకు పేరు తెచ్చినవి మాత్రం బొగ్గుబాయి పని నుంచి రిటైరయ్యేవాళ్ల బొమ్మలు. ఆ ఊళ్లో ఒక మనిషి ఆఖరి షిఫ్టు చేసి పైకొస్తే తోటివాళ్లు మెడ నిండా దండలేసి, జీపెక్కించి, డప్పులతో ఇంటిదాకా దిగబెడతారు. వెంట ఒక బొమ్మ ఇస్తారు. తల మీద హెల్మెట్, హెల్మెట్‌కు దీపం, దీపం నుంచి తీగ భుజం మీదుగా కిందికి. పది నిమిషాల్లో ఫ్లెక్సీ కొట్టించవచ్చు. కానీ ఫ్లెక్సీలో దీపం వెలగదు కదా. యమున వేసిన బొమ్మలో దీపం వెలుగుతుంది.

కరెంటు పోగానే వెలుగుతుంది, రాగానే ఆరిపోతుంది. పిల్లలు పుస్తకాలు తెచ్చుకుని తాత బొమ్మ కింద చదువుకుంటారు. ఆడవాళ్లు బియ్యంలో రాళ్లేరుకుంటారు. పూలమ్మ అనే ఆవిడ ఒకరు, తన పెనిమిటి తలను కొంచెం పెరటి తలుపు దిక్కు తిప్పి వెయ్యమని బతిమాలింది, నీళ్లకు పోయేటప్పుడు వెలుతురుంటుందని. యమున తిప్పే వేసింది.

దీపాన్ని అన్నిటికన్నా ఆఖర్న వేస్తుంది. తెలుపును మిగతా రంగుల కన్నా పలచన చేసి, గాలి ఒత్తిడి సగానికి తగ్గించి, బ్రష్‌ను జానెడు దూరం పట్టుకుని, బయటి నుంచి లోపలికి సుడులు తిప్పుతుంది. ఆ కాసేపు ఊపిరి కూడా తీయదు.

ఆ యేడు జూన్ నెలాఖరున యమున తండ్రి ఆగయ్యే రిటైరయ్యాడు. ముప్పై ఏడేళ్ల డ్యూటీ. బాయి మీద ఆ రోజు జాతరే జాతర. ఆయన ఇంకా పూర్తిగా వెలుతురులోకి రానే లేదు, నలుగురు కలిసి భుజాల మీదికెత్తుకున్నారు. దీపాలు తీసుకునే ల్యాంప్ రూం మహబూబ్ కూడా కిటికీ వదిలి బయటికొచ్చాడు. "నువ్వు పో అన్న, నేను పెట్టుకుంట," అంటూ ఆగయ్య హెల్మెట్ మీది దీపాన్ని తనే ఊడదీసుకున్నాడు. ఆగయ్య ఏదో అనబోయాడు. డప్పుల్లో ఎవరికి వినపడుతుంది?

తండ్రి బొమ్మ కోసం యమున ఎనిమిది రోజులు కూర్చుంది. మీసంలో ఒక్కో వెంట్రుకా విడిగా కనపడాలని సూదిని మూడుసార్లు మార్చింది. గోడకు తగిలించిన సాయంత్రమే కరెంటు పోయింది, దీపం వెలిగింది. గంటకు కరెంటు వచ్చింది. దీపం ఆరలేదు. ఆ రోజే కాదు, మర్నాడూ ఆరలేదు, ఆ తర్వాతా ఆరలేదు.

ఆగయ్య ఆ బొమ్మకు ఎదురుగా మంచం మీద కూర్చున్నాడు. ఆఖరి షిఫ్టు నుంచి వచ్చినప్పటి డ్యూటీ చొక్కా విప్పలేదు, బూట్లు విప్పలేదు. నడుం వాల్చమంటే వినలేదు. పళ్లెంలో అన్నం పెడితే ముట్టలేదు, టిఫిన్‌లో కట్టిస్తే మాత్రం నేల మీద గొంతుక్కూర్చుని నాలుగు ముద్దలు తిన్నాడు. ఏమడిగినా ఒకటే మాట.

"ఇంక షిఫ్టు అయిపోలే."

ఆయన భార్య మల్లక్క బొమ్మ మీద దుప్పటి కప్పింది. దుప్పటిలోంచి వెలుతురు వచ్చింది. బొమ్మను గోడకు తిప్పి పెట్టింది. గోడ వెలిగింది. దవాఖానకు తీసుకుపోతే డాక్టరు నిద్రగోలీలు రాశాడు, అవి కూడా పనిచెయ్యలేదు. రెండోసారి పోయినప్పుడు ఆ డాక్టరు యమునను పక్కకు పిలిచాడు.

"నిద్ర లేకుంటే గుండె ఎన్ని దినాలు ఆగుతదమ్మా? గిట్లనే ఇంకో నెల పోతే మనిషి దక్కడు," అన్నాడు.

అప్పటికే ఆగయ్య సగమయ్యాడు. చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది.

తప్పంతా తనదేననుకుంది యమున. తండ్రి మీది ప్రేమకొద్దీ తెలుపు నాలుగు సుడులు ఎక్కువే తిప్పింది మరి. దీపాన్ని కాస్త మందగింప చేద్దామని బొమ్మను షాపులోకి తెచ్చి, గోధుమరంగు పలచగా కలిపి కొట్టింది. రంగు దీపం దాకా పోయి, పొద్దెక్కితే మంచు విడిపోయినట్టు విడిపోయింది. బ్రష్‌లోనే ఏదో ఉందనుకుంది. అంతా విప్పింది. సూదిని వెనక నుంచి మెల్లగా లాగి, తుడిచి, కొత్తది వేసింది. మూతిని రాత్రంతా థిన్నర్‌లో నానబెట్టింది. మళ్లీ కొట్టింది. మళ్లీ విడిపోయింది. చేతిలో బ్రష్ అట్లాగే పట్టుకుని స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. ఊళ్లో అందరి ఇళ్లకూ వెలుగిచ్చి, తండ్రికి మాత్రం నిద్ర లేకుండా చేశానే అని ఏడ్చింది. తర్వాత బొమ్మను తీసుకుపోయి మళ్లీ ఉన్నచోటే తగిలించింది, అది కళ్లముందు లేకపోతే ఆయన లేచి ఇల్లంతా వెతుకుతున్నాడు గనుక.

శ్రావణం వచ్చింది. ఒక రోజు మధ్యాహ్నం యమున ఒక బండి ట్యాంకుకు నల్లరంగు కొట్టి బ్రష్ ఇట్లా కింద పెట్టిందో లేదో, ఆ బండి మనిషి బయటి నుంచి పిలిచాడు. గద్ద రెక్క ఎడమకు తిరగాలా కుడికి తిరగాలా అన్న ముచ్చట అరగంట నడిచింది. బ్రష్‌లో రంగు ఉండిపోయింది. నల్లరంగు అరగంట ఉంటే గొంతులోనే రాయి అవుతుందని మల్లక్కకు తెలుసు. బిడ్డ రోజూ కడగడం చూస్తున్నదే కదా. పాపం, సాయం చేద్దామనుకుంది. సూది లాగి వెనక నుంచి మొనకు తిప్పుతూ తుడిచింది. ఆవగింజ మూతి మోరీలో పడిపోకుండా చాయ జాలీలో వేసి కడిగింది. ఒక్కటీ పోగొట్టకుండా బిగించి పెట్టింది.

యమున వచ్చి చూసింది. గిన్నెలో నీళ్లు పోసి పేపరు మీద కొట్టింది. తేటగా వచ్చాయి. అయినా కూర్చుని మళ్లీ మొత్తం విప్పడం మొదలుపెట్టింది.

మల్లక్కకు మండింది. "ఏందే, నేను కడిగింది కడుగుడు కాదా? గింజంత మురికి చూపెట్టు."

"మురికి లేదవ్వ. మంచిగనే కడిగినవ్."

"మరెందుకు ఇప్పుతున్నవ్?"

"నేను కడగలే గదా. రంగు పోసింది నేనాయె. నా చెయ్యితోని కడిగి పెట్టకుంటే పని ఒడిసినట్టు అనిపిస్తలేదు. ఏం జెయ్యాలె?"

లోపలి గదిలోంచి ఎవరో నవ్వారు. తల్లీ బిడ్డా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఇంట్లో నవ్వు వినపడి నెలన్నర అయింది.

"గదే గదా నేను మొత్తుకునేది," అన్నాడు ఆగయ్య.

యమున సూది చేతిలో పట్టుకునే లోపలికి పరుగెత్తింది. "ఏంది బాపు? ఏం మొత్తుకున్నవ్?"

"దీపం నేను ఇయ్యలే బిడ్డా."

"మహబూబ్ కాక తీసుకున్నడు గదా."

"తీసుకున్నడు. నేనియ్యలే." ఆగయ్య దీపం మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు. "పొద్దున బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటం. షిఫ్టు అయినంక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటం. తీసుకున్నోడే ఇయ్యాలె. దీపం రాకుంటే గా మనిషి ఇంక లోపలనే ఉన్నడని దేవులాడుతరు, బాయంత ఎతుకుతరు. ముప్పై ఏడేండ్లు నా చెయ్యితోనే ఇచ్చిన. ఆఖరి దినం ఇయ్యలే. నా బిళ్ళ నాకు రాలే. నేను బాయిలనే ఉన్న బిడ్డా. ఎవ్వరు దేవులాడుతలేరు."

యమున చేతిలోని సూదిని పక్కన పెట్టింది. తండ్రికి మతి తప్పిందని తామంతా అనుకుంటుంటే, ఆయన నెలన్నరగా ఉన్నమాటే చెబుతున్నాడు.

"అయితే ఇచ్చొద్దాం పా బాపు."

"ఏది ఇస్తవ్? గా దీపం ఇయ్యాల ఇంకోని నెత్తి మీదున్నది."

"గిది నీది కాదా?" అంటూ యమున బొమ్మను చూపించింది.

ఆగయ్య లేచాడు. బొమ్మ దగ్గరికి పోయి, ముప్పై ఏడేళ్లుగా చేసినట్టే, బొటనవేలితో కొక్కెం పైకి నెట్టి దీపాన్ని ఊడదీశాడు. వెంట తీగ వచ్చింది. తీగను చేతులు మార్చుకుంటూ లాగుతుంటే, ఫ్రేము కింది నుంచి నడుముకు కట్టుకునే బ్యాటరీ కూడా వచ్చింది. యమున బొమ్మను ఛాతీ వరకే వేసింది, బ్యాటరీ జోలికే పోలేదు.

"మెల్లగ. గోడ సున్నం రాల్తది," అంది మల్లక్క.

షేర్ ఆటోలో ముగ్గురూ బాయి మీదికి పోయారు. మొదటి షిఫ్టు వాళ్లు పైకొస్తున్న వేళ. ల్యాంప్ రూం కిటికీ ముందు లైను ఉంది. ఆగయ్య లైన్లో నిలబడ్డాడు. ముందున్నవాడు ఒక అడుగు జరిగితే ఆయనా జరిగాడు. నువ్వెందుకొచ్చావని ఎవరూ అడగలేదు. చేతిలో దీపం ఉన్న మనిషి ఆ లైన్లో ఎందుకు ఉంటాడో అందరికీ తెలుసు.

కిటికీలో మహబూబ్ దీపం అందుకున్నాడు. అద్దం తిప్పి చూశాడు, గుడ్డతో తుడిచాడు, బ్యాటరీ మీద చెయ్యి పెట్టాడు.

"ఇంక వేడిగనే ఉన్నదన్న," అన్నాడు.

"నెలన్నర ఆయె, ఉండదా?" అన్నాడు ఆగయ్య.

మహబూబ్ దీపాన్ని తీసుకుపోయి చార్జింగ్ వరసలో చిట్టచివరి కొక్కేనికి తగిలించాడు. తగిలించగానే అది ఆరిపోయింది. పక్కనే మేకుకు ఒక ఇత్తడి బిళ్ళ వేలాడుతోంది. దాన్ని తీసి గుడ్డతో కాదు, తన చొక్కాకే తుడిచి, ఆగయ్య అరచేతిలో పెట్టాడు.

"కొత్త పిలగానికి ఇద్దామని ఎన్నిసార్లు తీసిన్నో. చెయ్యి రాలే. ఎందుకో సమజ్ గాలే." అతను కిటికీలోంచి ముందుకు వంగాడు. "ఆ దినం సంబురంల తప్పు జేసిన అన్న. మాఫ్ చెయ్."

"నువ్వు సుత ప్రేమతోనే చేస్తివి గదరా," అన్నాడు ఆగయ్య. బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసుకుని గుప్పిట్లో మూసుకున్నాడు.

కిటికీ దగ్గర్నుంచి పక్కకు జరిగి ఆయన కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది, నాలుగు చినుకులు కూడా పడుతున్నాయి.

"అబ్బా, ఎంత ఎండ కొడుతున్నది బిడ్డా," అన్నాడు.

ఇంటికి రాగానే బూట్లు విప్పాడు. మల్లక్క వేడినీళ్లు తోడింది, వీపు రుద్దింది. నెలన్నరగా బాయిలో దిగని మనిషి ఒంటి మీంచి నల్లటి నీళ్లు కారాయి. ఒక బకెట్టు పోసినా నలుపే, రెండు బకెట్లు పోసినా నలుపే. యమున తోడుతూనే ఉంది, తల్లి పోస్తూనే ఉంది, నీళ్లు తేటగా వచ్చేదాకా పోశారు. అప్పుడు ఆయన పొడి లుంగీ కట్టుకుని, పళ్లెం ముందర పెట్టుకుని, పప్పన్నం రెండుసార్లు కలుపుకుని తిని, మంచం మీద వాలాడు.

మబ్బులకు కరెంటు పోయింది. గల్లీలో ప్రతి ఇంట్లో బొమ్మల్లోని దీపాలు వెలిగాయి. ఆగయ్య బొమ్మలో హెల్మెట్‌కు కొక్కెం మాత్రమే ఉంది, దీపం ఉండాల్సిన చోట తెల్లటి కాగితం ఉంది. ఆ ఒక్క ఇల్లే చీకటిగా ఉంది. మల్లక్క కొవ్వొత్తి కూడా ముట్టించలేదు.

తెల్లారి మొదటి షిఫ్టు సైరన్ కూసింది. ముప్పై ఏడేళ్లుగా దాని రెండో కూతకు లేచి కూర్చునే మనిషి కదల్లేదు. కంప్రెసర్ నీళ్లు వదలబోతున్న యమున మరను అట్లాగే వదిలేసింది. పరుగున పోయి ముక్కు దగ్గర వేళ్లు పెట్టి చూసింది. ఊపిరి వెచ్చగా తగిలింది. గుప్పిట్లో బిళ్ళ అట్లాగే ఉంది. ఆయన గురక పెడుతున్నాడు.

వాకిట్లో చీపురు పట్టుకుని నిలబడిన మల్లక్క మెల్లగా అంది.

"లేపకే. నా మొగడు నిన్ననే పైకచ్చిండు."