దుబాయి పోయినోళ్ల లెక్క

నేను దగ్గితే షెడ్డులోని సాంచెలన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. చొప్పదండి దిక్కున దగ్గుతో మరమగ్గాలను ఆపిన మొనగాడు నేనొక్కణ్నే. సరే, ఆనాడు కరెంటు పోయింది, నాకు అదే సమయానికి దగ్గొచ్చింది. కానీ దగ్గు మాత్రం నిజం. సాంచెల మీద బతికేవాళ్లందరికీ నూలు దుమ్ము రాసిచ్చిన ఆస్తి అది.

అందుకే మొన్న మా నేత సంఘం భవనంలో సుధాకర్ మాట వినగానే ఒళ్లు మండింది. అతను పట్నం కాలేజీ పిల్లగాడు. కొన్నేళ్లుగా ఏడాదికోసారి వచ్చి మా ఊపిరితిత్తులు పరీక్షిస్తున్నాడు. గోడమీద లెక్కల బొమ్మ చూపిస్తూ, "రోగం తక్కువనే ఉన్నది తాతా. దుమ్ము లాగే ఫ్యాన్లు అక్కర లేదని రిపోర్టుల రాస్తున్నం" అన్నాడు.

"మా షెడ్డుల సాంచెలు నడిపిన మల్లన్నను ఎట్ల లెక్కపెట్టినవు బిడ్డా?" అని అడిగాను.

"ఆయన దుబాయి పోయిండు గదా. పోయేదాంక మంచిగనే ఉండె. పోయినోళ్లు గూడ ఇక్కడున్నోళ్ల తీరుగనే ఉంటరనుకొని లెక్క కడుతం."

"మా వాడకట్టుల సగం మంది దుబాయిలనే ఉన్నరా? గంతమంది పోతే గాడ మా నేతోళ్ల దేవుడు మార్కండేయునికి గుడి కట్టకపోదురా?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఛాతీ రోగమున్న ఇంటికి మా దగ్గర పిల్లనివ్వరు. అందుకే బయటివాళ్లు అడిగితే మంచం పట్టినవాడూ దుబాయే, కాటికి పోయినవాడూ దుబాయే. ఒకసారి అలా రాసుకున్నాక సర్వేవాళ్లు మళ్లీ అడగరు.

మల్లన్న భార్య బాలలక్ష్మి చివరి వరుసలో ఉంది. పక్కన కొడుకు కుమార్. తండ్రి నడిపిన సాంచెలే నడుపుతున్నాడు, తండ్రిలాగే దగ్గుతున్నాడు. అతనికి పిల్లనిద్దామని ఇల్లు చూడటానికి ధర్మపురి నుంచి వచ్చిన పర్శరాములు కూడా మా మధ్యనే కూర్చున్నాడు. మల్లన్న దుబాయిలో గుండె ఆగి పోయాడని ఆయనకు చెప్పారు.

బాలలక్ష్మి లేచింది. "ఏ దుబాయి సారూ? నా పెనిమిటి విమానమే ఎక్కలే. ఇంట్ల మంచంల దగ్గి దగ్గి సచ్చిండు. కొడుక్కు పిల్ల దొరకదని గట్ల జెప్పిన. గీ ఫ్యాన్లు రాకుంటే పిల్ల దొరికి ఏం ఫాయిదా?"

"అవ్వా, ఊకో" అని కుమార్ చెయ్యి పట్టి లాగాడు.

"మీ బాపు గట్లనే ఊకున్నడు."

అదే వరుసలో ఉన్న మా వాడకట్టు సత్తమ్మ కూడా లేచింది. "మాయన గూడ దుబాయి పోలే" అంది.

సుధాకర్ ముఖం మాడిపోయింది. "రోగం ముదిరినందుకే మాకు దొరకకుంట పోయినోళ్లను మంచిగున్నోళ్లల్ల కలిపినం" అన్నాడు మెల్లగా.

"కలిపినవు" అన్నాను నేను. " మా పీనుగుల మీద నీ బొమ్మ గీసినవు. ఇంటింటికి తిరిగి, ఎవడు ఏడికి పోయిండో పక్కింట్ల గూడ అడుగు. గప్పటిదాంక గా రిపోర్టు కదిలితే నీ కారుకు అడ్డం పండుకుంట."

"తిరుగుత తాతా. గా పని అయ్యేదాంక రిపోర్టు పంప."

అప్పుడు పర్శరాములు లేచి, "చెల్లే, నిజం జెప్పిన ఇంటికే మా పిల్లనిస్తం" అన్నాడు. చప్పట్లు మోగాయి.

ఆ చివరి ముక్క నేను కల్పించాను. పర్శరాములు చెప్పులేసుకుని ధర్మపురి బస్సెక్కాడు, ఇప్పటిదాకా ఫోను లేదు. ఆయన అనవలసిన మాట నేనే రాసిపెట్టాను. చదివి సిగ్గుపడనీ.